తేనెటీగలకు చెప్పాల్సిన కబురు

మార్ల్‌కోట్ హాల్, హియర్‌ఫర్డ్‌షైర్
1934 మార్చి 2

ఇసొబెల్,

ముందు కూర్చుని చదువు. నిలబడి చదివిన ఉత్తరాలకు నువ్వు నిలబడే జవాబు రాస్తావు. ఆ పొడి జవాబులు నాకు నచ్చవు.

మీ నాన్నను సాగనంపి మూడు వారాలైంది. మర్నాడు పొద్దున మొదటి రైలుకే నువ్వు లండన్ వెళ్లిపోయావు. అందుకు నేనేమీ అనను. బడిలో పిల్లలు నీకోసం ఎదురుచూస్తూ ఉంటారు. కానీ వెళ్లేముందు చేయాల్సిన పని ఒకటి వదిలేసి వెళ్లావు. తేనెటీగలకు చెప్పలేదు.

నువ్వు నవ్వుతావని తెలుసు. నవ్వడం అయ్యాక మళ్లీ చదువు. మన ఫెరబీల ఇంట్లో యజమాని పోతే, కొత్త యజమాని వీధి తలుపు తాళంచెవి పట్టుకుని తోటగోడ దగ్గరికి వెళ్లాలి. ఒక్కొక్క తేనెపెట్టె మీద మూడుసార్లు తట్టి, "మీ యజమాని పోయాడు, ఇకనుంచి నేను" అని చెప్పాలి. అప్పుడు లోపలి నుంచి అవి ఒక్కసారిగా ఝుమ్మంటాయి. ఒప్పుకున్నట్టు లెక్క. ఎవరూ చెప్పకపోతే అలిగి లేచిపోతాయి. నేను చేయగలిగింది చేశాను. పెట్టెలకు నల్ల రిబ్బన్లు కట్టాను. అంత్యక్రియలనాటి కేకు ముక్క, కాస్త వైన్ వాటి ముందు పెట్టాను. అంతకుమించి నాకు అధికారం లేదు. ఇల్లు ఇప్పుడు నీది. నేను చచ్చినవాడి చెల్లెల్ని.

ఇక్కడంతా బాగానే ఉంది. పడమటి గదుల్లో వాన కొంచెం లోపలికి వస్తోంది, కొంచెమే. నా చిన్ననాటి స్నేహితురాలు హెన్రియెట్టా సిడ్‌మత్ నుంచి రాసింది. సముద్రానికి ఎదురుగా చిన్న ఇల్లు తీసుకుందట. కొళాయి తిప్పితే వేడినీళ్లు వస్తాయట. ఊరికే చెబుతున్నాను.

నీ అత్త,
లెటీషియా

* * *

కామ్డెన్, లండన్
మార్చి 7

అత్తయ్యా,

కూర్చునే చదివాను, కూర్చునే రాస్తున్నాను. ఈ గదిలో ఉన్నది ఒకటే కుర్చీ, దానికీ ఒక కాలు పొట్టి.

ఈగలకు కబురు చెప్పడానికి రెండు రైళ్లు మారి రమ్మంటావా? చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు ఉంటుంది. తాళంచెవి వంటింట్లో మేకుకే వేలాడుతోంది కదా. నా తరఫున నువ్వే తట్టు. నీ గొంతు నా గొంతుకన్నా పెద్దది, ఊరంతా ఒప్పుకుంటుంది.

అసలు సంగతి వేరే ఉంది. టాప్లిస్ అని ఒకాయన రాశాడు. బిస్కెట్ల వ్యాపారం. మార్ల్‌కోట్ కొని గోల్ఫ్ క్లబ్బు పెడతాడట. జూన్‌లో మిడ్‌సమ్మర్ పండుగ నాటికి అవునో కాదో చెప్పమన్నాడు. నేను అవుననే అనుకుంటున్నాను. కోప్పడకు. ఈ వయసులో నువ్వు బకెట్లు మోస్తూ, చూరు కింద గిన్నెలు పెడుతూ తిరుగుతుంటే నాకు ఇక్కడ నిద్ర పట్టదు. నీకో చక్కటి చిన్న ఇల్లు చూద్దాం.

'కొంచెమే' అన్నావు చూడు, అక్కడే నాకు అనుమానం వచ్చింది. ఎంత కొంచెం?

నీ
ఇసొబెల్

* * *

మార్ల్‌కోట్ హాల్
మార్చి 20

నా మొండి పిల్లకి,

బకెట్లు మోయడం నాకు వ్యాయామం. వాన సంగతి అడగకు, చెప్పను.

నీ తరఫున తట్టాను. కాపలావాడిలా ఒక ఈగ బయటికి వచ్చి, నన్ను ఎగాదిగా చూసి లోపలికి పోయింది. వాటికి ఒకరి బదులు ఒకరు వస్తే పనికిరాదు.

నువ్వు బడిలో పిల్లలకు రాజుల చరిత్ర చెబుతావు కదా, నీ ఇంటి చరిత్ర నీకు ఎంత తెలుసో నాకు అనుమానం. మనకు ఈ నేల తెచ్చిపెట్టినవాడు హంఫ్రీ, గొర్రెల బొచ్చు అమ్ముకునేవాడు. రాజుగారు మఠాలు మూయించినప్పుడు చవగ్గా కొన్నాడు. గోడ గూళ్లలో సన్యాసుల తేనెబుట్టలు ఉండిపోయాయి. వెళ్లిపోతూ ముసలి సన్యాసి ఒకాయన, "వీటికి తాళంచెవితో తట్టి ఉన్నది ఉన్నట్టు చెప్పు, వీటి దగ్గర అబద్ధం మాత్రం చెల్లదు" అన్నాడట. ఆనాడు మొదలైంది.

తర్వాత బార్నబీ. రాజుకీ పార్లమెంటుకీ యుద్ధం వచ్చినప్పుడు ఈయన ఏ ఎండకా గొడుగు పట్టాడు. హాల్లో ఒకే చట్రంలో ఒక వైపు రాజు బొమ్మ, వెనక వైపు పార్లమెంటు సేనాని బొమ్మ పెట్టించాడు. గుమ్మంలో ఎవరి గుర్రాలు కనిపిస్తే చట్రం అటు తిప్పేవాడు. ఒకరోజు తిప్పడం మరిచాడు. పరుగెత్తి గోడ గూట్లో బుట్టల వెనక దాక్కుంటే, అతని కాలు పట్టి లాగబోయిన సార్జెంటు ముక్కు నెలరోజులు గుమ్మడికాయంత ఉందని మనవాళ్లు గొప్పగా చెప్పుకుంటారు. మనవాడి వీపు సంగతి ఎవరూ చెప్పరు.

లిండెన్ చెట్ల బాట ఎందుకు వంకరో తెలుసా? జోసయ్య తను చేసుకోబోయే పిల్ల కిటికీ వైపు సూటిగా నాటించడం మొదలుపెట్టాడు. సగం నాటేసరికి ఆ పిల్ల కాదంది. మిగతా సగం ఇంకో పిల్ల కిటికీ వైపు నాటించాడు. నువ్వూ నేనూ ఆ రెండో సగానికి పుట్టినవాళ్లం.

ఇక లూషియస్. వాళ్ల నాన్న పోయిన రోజు ఈగలకు చెప్పకుండా గుర్రప్పందేలకు పోయాడు. ఈగలు లేచిపోయాయి. ఆ చలికాలమే వంటింటి పొగగొట్టం కూలి క్రిస్మస్ బాతు మీద పడింది. బాతు ఎలాగూ చచ్చిందే, కానీ అతిథులు ఆకలితోనే ఇళ్లకు వెళ్లారు.

హెన్రియెట్టా రోజూ పొద్దున గొంతు దాకా వేడినీళ్లలో కూర్చుంటోందట. పనీపాటా లేని మనిషి.

నీ అత్త

* * *

కామ్డెన్
ఏప్రిల్ 11

అత్తయ్యా,

బార్నబీ బొమ్మ కథ నా తరగతిలో చెప్పాను. పిల్లలు పరీక్షలో రాజు పేరు మరిచిపోయి బార్నబీ పేరు రాశారు. హెడ్‌మిస్ట్రెస్ నన్ను పిలిపించింది.

నవ్వించి నన్ను దారికి తేవాలని చూస్తున్నావు. అందుకని ఉన్నమాట రాస్తాను. నువ్వు చెప్పిన పేర్లు మళ్లీ చూడు. హంఫ్రీ, బార్నబీ, జోసయ్య, లూషియస్. ఆ ఈగలకు ఇన్ని వందల ఏళ్లలో ఆడపిల్ల పేరు ఎవరూ చెప్పలేదు. నాకు తొమ్మిదేళ్లప్పుడు పియర్ చెట్టు మీదినుంచి పడి చెయ్యి విరగ్గొట్టుకున్నాను, గుర్తుందా? నాన్న నన్ను ఎత్తుకొస్తూ, "నువ్వు మగపిల్లాడివై పుట్టుంటే ఈ ఇల్లు నీ చేతిలో పెట్టి నిశ్చింతగా ఉండేవాణ్ణే" అన్నాడు. ముద్దుగానే అన్నాడు. చెయ్యి ఆరు వారాల్లో అతికింది. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటోంది. తర్వాత ఒక్కసారైనా ఇంటి గురించి నాతో మాట్లాడలేదు. ఇల్లు నా పేర రాశాడంటే వేరే దిక్కు లేక రాశాడు. అలా దిక్కులేక దొరికినదాన్ని పట్టుకుని వేలాడడం నాకు ఇష్టం లేదు.

జూన్‌లో వచ్చి టాప్లిస్‌గారికి ఇల్లు చూపించి, సంతకం పెడతాను. ఈగలకు ఆయనే చెప్పుకుంటాడు, కావాలంటే బిస్కెట్లు పెట్టి చెబుతాడు.

నీ
ఇసొబెల్

తా.క. నీ ప్రతి ఉత్తరంలోనూ హెన్రియెట్టా వేడినీళ్లు ఉంటున్నాయి. నీకు ఒంట్లో బాగానే ఉందా?

* * *

మార్ల్‌కోట్ హాల్
మే 29

ఇసొబెల్,

మీ నాన్న అన్న మాట గురించి నేనేమీ రాయను. రాయాలనుంది, రాయను.

నువ్వు వచ్చేసరికి నేను ఇక్కడ ఉండను. ఆ బిస్కెట్ల మనిషి మా అమ్మ కూర్చున్న గదిని టేపుతో కొలుస్తుంటే చూసే ఓపిక నాకు లేదు. రెండు వారాలు సిడ్‌మత్ పోతున్నాను. అమ్ముకో, ఉంచుకో, నీ ఇష్టం. నా కోసం మాత్రం ఏదీ చేయకు. ముసలివాళ్ల కోసం చేసిన పనులు కుర్రవాళ్లకు తర్వాత అరగవు.

తాళంచెవి మేకుకే ఉంది. వెనక తలుపు తన్నితేనే తెరుచుకుంటుంది. పాత ఇత్తడి గిన్నె వంటింటి గుమ్మం పక్కనే పెట్టాను. ఇది ఈగలు దండుగా లేచే కాలం, లేస్తే ఏం చేయాలో నీకు తెలుసు. గిన్నె మోగుతున్నంతసేపూ ఆ దండు నీది, ఎవరి నేలలోకి పోయినా నిన్ను ఆపే హక్కు ఎవరికీ లేదు. మోత ఆపావో, దొరికినవాడి సొత్తు.

పడమటి గదుల్లోకి మాత్రం వెళ్లకు.

నీ అత్త

* * *

మార్ల్‌కోట్ హాల్
జూన్ 14

అత్తయ్యా,

పడమటి గదుల్లోకి వెళ్లాను. కొంచెమే వాన అని రాసిన చేతిని అక్కడికి తీసుకొచ్చి చూపించాలనిపించింది. మూల నాచు మొలిచింది. కప్ప ఒకటి నన్ను చూసి, నేనే అద్దెకు వచ్చినదాన్నన్నట్టు పక్కకు జరిగింది.

ఇక అసలు కథ. టాప్లిస్‌గారు నిన్న కొత్త కారులో వచ్చారు. వెన్నరంగు కారు, పైకప్పు లేదు. మంచి మనిషే. బార్నబీ బొమ్మ చట్రాన్ని చిన్నపిల్లాడిలా తిప్పి తిప్పి చూశారు. బయటికి వచ్చాక లిండెన్ బాట వైపు చెయ్యి చాచి, "ఏమ్మా, ఈ వంకర చెట్లన్నీ కొట్టించేస్తే బంతి నేరుగా పోద్ది కదా" అన్నారు.

"పూత రాబోతోందండీ" అన్నాను.

"పోనీలే, పూత అయ్యాకే కొట్టిద్దాం" అన్నారు పాపం.

ఆయన ఆ మాట అన్నారో లేదో, గోడ వైపునుంచి మోత మొదలైంది. చివరి పెట్టెలోంచి దండు లేచింది. గోధుమరంగు పొగలా పైకి లేచి సుడి తిరుగుతోంది. నేను ఏం ఆలోచించానో నన్నడగకు. ఏమీ ఆలోచించలేదు. గుమ్మం పక్క ఇత్తడి గిన్నె ఎప్పుడు అందుకున్నానో తెలియదు. ఇల్లు చూపిస్తున్నాను కాబట్టి తాళంచెవి చేతిలోనే ఉంది. దాంతోనే గిన్నెను బాదుతూ పరుగు తీశాను.

దండు కూరగాయల మడి దాటి, చర్చి ఫాదరీగారి పెరట్లోకి పోయింది. అక్కడ ఆయన టీకి చుట్టాలను పిలిచాడు. నేను కంచె దూకి వాళ్ల మధ్యలోంచి మోగించుకుంటూ పోతుంటే, ఫాదరీగారు కప్పు పైకెత్తి పట్టుకుని, "జరగండి జరగండి, ఫెరబీ పిల్ల వస్తోంది. అమ్మా, మోత ఆపకు" అని అరిచాడు. ఒకావిడ టోపీ మీద కాలు వేశాను. రేపు వెళ్లి క్షమాపణ చెప్పుకోవాలి.

అక్కడినుంచి దండు వెనక్కి తిరిగింది. ఇల్లు చుట్టి, నేరుగా వచ్చి, టాప్లిస్‌గారి కారు స్టీరింగు మీద గుత్తిగా దిగింది.

ఆయన మెట్ల మీద నిలబడి చాలా మర్యాదగా, "మేడమ్, మీ ఈగలు నా కారులో కూర్చున్నాయి" అన్నారు.

"అవునండీ, నావే" అన్నాను.

అత్తయ్యా, ఆ మాట నా నోట్లోంచి వచ్చాక నాకే వినపడింది. గిన్నె పట్టుకుని అక్కడే మెట్ల మీద కూలబడ్డాను. ఏడుపో నవ్వో తెలియలేదు, రెండూ వచ్చాయి. టాప్లిస్‌గారు నా పక్కన కూర్చుని, జేబులోంచి తన కంపెనీ బిస్కెట్ ఒకటి తీసి ఇచ్చారు. కాసేపటికి, "ఇల్లు అమ్మవు కదూ?" అన్నారు.

"అమ్మనండీ."

"ధర చాలలేదా?"

"ధర బాగానే ఉందండీ. ఇవి నావి."

"సరేలే, గోల్ఫుకి ఇంకో చోటు దొరక్కపోదు. నా కారు మాత్రం ఇప్పించండి" అన్నారు.

పాత గడ్డిబుట్ట వెల్లకిలా పట్టుకుని, గుత్తిని మెల్లగా అందులోకి దులిపాను. నాన్న చేస్తుంటే చిన్నప్పుడు పక్కన నిలబడి చూసేదాన్ని. చేతులకు అంతా గుర్తుంది. చీకటి పడి ఈగలన్నీ బుట్టలో చేరేదాకా కారు కదలలేదు. ఆయన నాతోపాటు వంటింట్లో కూర్చుని గుడ్లు, బేకన్ తిని వెళ్లారు.

ఊరి బడిలో టీచరమ్మ సెప్టెంబరులో మానేస్తోందట. అర్జీ పెట్టాను. పడమటి గదులు మూసేసి, కప్పును ఒక్కొక్క మూలా బాగు చేయించుకుంటాను. ఒక్కటే నా భయం. ఇల్లు ఉంచుకుంటే నువ్వు మళ్లీ బకెట్లు మోస్తావు. అందుకే నిన్ను అడుగుతున్నాను, ఈసారి నిజం చెప్పు. నీకు ఏం కావాలి?

నీ
ఇసొబెల్

* * *

సిడ్‌మత్
జూన్ 17

నా బంగారు తల్లీ,

నాకు వేడినీళ్లు కావాలి.

ఇదిగో, రాసేశాను. నేను మార్ల్‌కోట్‌లో పుట్టి, అరవై ఎనిమిదేళ్లు అక్కడే చలికి వణికాను. నాకు ఆ ఇల్లంటే ప్రాణమే. కానీ ప్రాణం పోయేలోపు ఒక్కసారైనా వెచ్చగా ఉండాలని ఉంది. నువ్వు ఎప్పటికైనా తిరిగొస్తావేమో, వచ్చినప్పుడు దీపం లేని ఇల్లు చూడకూడదని అక్కడ ఉన్నాను. నువ్వేమో నన్ను బకెట్లనుంచి తప్పించాలని అమ్మబోయావు. ఇద్దరం ఇద్దరమే, ఎవరి కుందేటికి వాళ్లు మూడే కాళ్లన్నాం.

హెన్రియెట్టా ఇంట్లో రెండో పడగ్గది ఖాళీగా ఉంది. కిటికీలోంచి సముద్రం కనిపిస్తుంది. పేకాటలో ఆమె మోసం చేస్తుంది, నేనూ చేస్తాను, కాబట్టి పేచీ లేదు. నా ఉన్ని శాలువాలు, మా అమ్మ కుర్చీ పంపించు. క్రిస్మస్‌కి వస్తాను. పొగగొట్టం ఈలోపు చూయించు.

మరి వాటికి చెప్పావా?

నీ అత్త

* * *

మార్ల్‌కోట్ హాల్
జూన్ 24

అత్తయ్యా,

కుర్చీ, శాలువాలు రైల్లో వేశాను. కుర్చీలో దూర్చిన గుడ్డ పొట్లంలో చెర్రీ జామ్ సీసా ఉంది, తలకిందులు చేయకు.

ఈ రోజు మిడ్‌సమ్మర్. టాప్లిస్‌గారికి జవాబు చెప్పాల్సిన రోజున ఈగలకు చెబుదామనుకున్నాను. ఉతికిన గౌను వేసుకుని, తాళంచెవి పట్టుకుని వెళ్లాను. లిండెన్లు పూశాయి, బాటంతా వాసన. ఒక్కొక్క పెట్టె దగ్గర ఆగి మూడుసార్లు తట్టి చెప్పాను. "జెర్వేస్ ఫెరబీ పోయాడు. ఇకనుంచి మీ యజమానురాలు ఇసొబెల్." గొంతు గట్టిగానే పెట్టాను.

అవి మోగలేదు.

పెట్టెకు చెవి ఆనించాను. లోపల ఎప్పటి పని చప్పుడే, అంతే. వచ్చేవి వస్తున్నాయి, పోయేవి పోతున్నాయి. రెండోసారి వెళ్లి చెప్పాను. అదే తీరు. ఇదంతా పిచ్చి నమ్మకమని మార్చిలో నీకు రాసింది నేనే, నాకు తెలుసు. అయినా పొద్దున్నుంచి మనసు బాగాలేదు. లూషియస్‌లాంటివాడికి కూడా తర్వాత బుద్ధి తెచ్చుకుని చెప్పినప్పుడు కొత్త ఈగలు మోగాయంటారు కదా. ఆడపిల్ల పేరు కాబట్టేనా? నాన్న అన్నదే నిజమా?

ఇల్లు వదిలిపోను. మోగినా మోగకపోయినా ఉంటాను. కానీ ఒక్కసారి ఝుమ్మని ఉంటే బాగుండేది.

నీ
ఇసొబెల్

* * *

సిడ్‌మత్
జూన్ 26

ఇసొబెల్,

మళ్లీ కూర్చుని చదువు.

పాత కబురు చెబితే ఎవరు మాత్రం ఉలిక్కిపడతారు? వాటికి నీ సంగతి నిరుడు అక్టోబరు నుంచి తెలుసు.

ఆ రోజు ఎండ బాగా కాసింది. నేను గోడకు ఇవతల నిచ్చెన మీద నిలబడి పియర్ కాయలు కోస్తున్నాను. మీ నాన్న అప్పటికే మంచం మీదినుంచి లేవకూడదు. భుజాన దుప్పటి వేసుకుని, కర్ర పట్టుకుని, ఆగి ఆగి వచ్చాడు. చేతిలో తాళంచెవి ఉంది. బతికున్న యజమాని తన తర్వాతివాళ్ల పేరు చెప్పడం మన ఇంట్లో ఎప్పుడూ లేదు. మీ నాన్న చెప్పాడు. ప్రతి పెట్టె దగ్గరా ఆగి తట్టి చెప్పాడు.

"నా తర్వాత ఇసొబెల్. కోపం జాస్తి, ఓర్చుకోండి. చెట్లెక్కుద్ది, పడుద్ది, మళ్లీ ఎక్కుద్ది. ఈ ఇల్లు నిలబెట్టగలిగితే అదే నిలబెట్టాలి. చిన్నప్పుడు దాంతో ఒక తెలివితక్కువ మాట అన్నాను. అది మరిచిపోలేదు, నేనూ మరిచిపోలేదు. దానికి చెప్పడం నాకు చేతకాలేదు, అందుకని మీకు చెబుతున్నా."

అప్పుడు అవి మోగిన మోతకు నేను బుట్ట జారవిడిచాను. కాయలన్నీ దొర్లిపోయాయి. ఆయన అటునుంచి, "ఎవరది?" అన్నాడు. "పిల్లిలే" అన్నాను.

నీకు ఇన్నాళ్లూ ఎందుకు చెప్పలేదంటే, చెప్పుంటే నువ్వు మొదటి రైలుకే తిరిగొచ్చేదానివి. చచ్చినవాడి మాట కోసం ఉండిపోయేదానివి. ఉంటే నీ కోసం ఉండాలి, పోతే నీ కోసం పోవాలి. నీ అంతట నువ్వు వచ్చి ఆ గోడ దగ్గర నిలబడాలని ఈగల వంక పెట్టాను. వాటికి తెలియదని నీతో అబద్ధమాడాను. వాటి దగ్గర కాదు కాబట్టి చెల్లుతుంది.

రేపు పొద్దున మళ్లీ వెళ్లి తట్టు. ఈసారి వాటికి తెలియనిది చెప్పు. ఆయన అన్న మాట నీకు అందిందని చెప్పు.

నీ అత్త,
లెటీషియా